పదహారో గుంత దగ్గర రెండు స్ట్రోకులు

నేను చేసే పని నా భార్య సంచీ మోయడం. గోల్ఫ్ ఆడేవాళ్ల వెంట కర్రల సంచీ భుజాన వేసుకుని నడిచే మనిషిని క్యాడీ అంటారు. బంతికీ గుంతకీ మధ్య ఎంత దూరం ఉంది, ఏ కర్ర తియ్యాలి, నేల ఎటు వాలింది, గాలి ఎటు కొడుతోంది, ఇవన్నీ చూసి చెప్పడం కూడా ఆ పనిలోదే. మా కవిటి వైపు ఈ సంగతి ఎంత వివరించినా ఎవరికీ పట్టేది కాదు. మా నాన్న ఆ తంటా పడలేక, అడిగినవాళ్లందరికీ "మావోడు వైజాగులో క్లబ్బులో సేత్తన్నాడు" అని చెప్పి ఊరుకునేవాడు.

ఆమె మా మేనమామ కూతురు. మామయ్య వైజాగులో గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే యంత్రం నడిపేవాడు. కాపురం అక్కడే, పనివాళ్ల క్వార్టర్స్‌లో. సభ్యులు పారేసిన కర్రలకి పిడి మార్చి, పొడుగు కోసి కూతురికి ఇచ్చేవాడు. ఆ కర్రలతోనే ఆమె జిల్లా దాటి, రాష్ట్రం దాటి, జీతంలాగా ఆట మీదే బతికే స్థాయికి వెళ్లింది. తుపానుకి మా కొబ్బరితోట పడిపోయిన ఏడాది నేను పని వెతుక్కుంటూ వైజాగు పోతే, మామయ్య నన్ను క్యాడీగా పెట్టించాడు. రెండేళ్లకి మా పెళ్లయింది. అప్పటినుంచీ ఆమె ఎక్కడ ఆడితే అక్కడ, సంచీ నాదే.

పెళ్లాం వెనకాల సంచీ మోస్తున్నాడని బంధువుల్లో నవ్వినవాళ్లు ఉన్నారు. నాకు ఎన్నడూ చిన్నతనం అనిపించలేదు. ఆమె కొట్టిన బంతి గాల్లోకి లేచి, ఒక్క క్షణం ఆగినట్టుండి, అనుకున్న చోట దిగడం పక్కన నిలబడి చూసినవాణ్ణి నేను.

నేను చెప్పబోయే పోటీ హైదరాబాద్ శివార్లలో జరిగింది. దేశంలో ఆడవాళ్లకి ఉన్న పెద్ద టోర్నమెంట్లలో ఒకటి. గోల్ఫ్‌లో ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లు గెలిచినట్టు. ఒక్కో దెబ్బని స్ట్రోక్ అంటారు. చివరి రోజు పదిహేను గుంతలు అయ్యేసరికి ఆమె, బెంగళూరు అమ్మాయి ఒకరూ సమానంగా ఉన్నారు. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తూ ఆడుతున్నారు.

పదహారో గుంత దగ్గర ఆమె బంతి రెండు బారల దూరంలో ఆగింది. నున్నగా కోసిన పచ్చిక, చూడ్డానికి చదునే. కానీ చివర్లో ఎటో లాగుతోంది. నేను బంతికి వెనకాల గొంతుక్కూర్చుని చూస్తున్నాను.

"కుడికి పోతాదేటి బావా?" అంది.

"కొంచెం. ఎడమ అంచుకి కొట్టు."

రోజూ అయితే ఆ మాట అనగానే లేచి పక్కకి పోతాను. ఆ రోజు నాకు అనుమానం తీరలేదు. ఇంకొక్కసారి చూద్దామని వంగాను. ఆమె అప్పటికే బంతి పక్కకి వచ్చి కాళ్లు సర్దుకుంటోంది. తలెత్తి చూసి గబుక్కున లేచి జరిగాను. రెండు ఊపిరుల కాలం ఉంటుందేమో. ఆమె చూపు బంతి మీదే ఉంది, నన్ను గమనించలేదు. బంతి ఎడమ అంచు మీదుగా తిరిగి లోపల పడింది. జనం చప్పట్లు కొట్టారు. నేను జరగడం ఆలస్యమైందని నాకు మాత్రం తెలుసు. అయినా సంచీ ఎత్తుకుని ముందుకి నడిచాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. అది నా తప్పు, దాచుకోను.

ఆఖరిదైన పద్దెనిమిదో గుంత అయ్యేసరికి ఆమె ఒక్క స్ట్రోకు తేడాతో ముందుంది. ఎన్ని స్ట్రోకులయ్యాయో రాసిన కార్డు మీద సంతకం పెట్టే గుడారంలోకి వెళ్లాం. అక్కడ నిబంధనలు చూసే అధికారిణి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెలుగావిడే.

"సంతకం పెట్టకండి, ఒక్క విషయం తేల్చుకోవాలి" అంది.

ఆట ఆడేవాళ్లు దెబ్బ కోసం కాళ్లు పెట్టుకోవడం మొదలుపెట్టాక క్యాడీ బంతి పోయే దారికి, అంటే గీతకి, సూటిగా వెనకాల ఉండకూడదు. గురి ఆడేవాళ్లే సొంతంగా చూసుకోవాలని ఆ నిబంధన. ఏ కారణంతో ఉన్నా సరే, జరిమానా రెండు స్ట్రోకులు. టీవీలో చూసినవాళ్లెవరో పదహారో గుంత గురించి ఫిర్యాదు పంపారట. ఆవిడ వీడియో నాలుగుసార్లు తిప్పింది. కెమెరాకి అడ్డంగా ఎవరో నిలబడ్డారు. ఆమె కాళ్లు కనబడుతున్నాయి, నేను కనబడటం లేదు.

బెంగళూరు అమ్మాయి అక్కడే ఉంది. "ఆ దెబ్బ ఆమె సొంతంగా కొట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఇలా గెలవడం నాకిష్టం లేదు" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది.

అధికారిణి ఆ మాట విని తలాడించి నా వైపు తిరిగింది. "వీడియోలో తేలడం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆమె కాళ్లు పెట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు మీరెక్కడున్నారు?"

వైజాగు నుంచి మాతో వచ్చిన పెద్దాయన ఒకాయన, ఆమెకి చిన్నప్పటినుంచీ ఆట నేర్పినవాడు, నా మోచెయ్యి పట్టుకుని చెవిలో "గుర్తులేదను. అది అబద్ధం కూడా కాదు" అన్నాడు.

నేను ఆమె వైపు చూశాను. ఆమెకి నిజంగానే ఏం జరిగిందో తెలియదు. నా మొహం చూశాక తెలిసిపోయింది. టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"జరిగింది సెప్పీ బావా" అంది.

"వెనకాలే ఉన్నానండి. తను కాళ్లు పెట్టాకే నేను జరిగాను" అన్నాను.

ఆవిడ ల్యాప్‌టాప్ మూసింది. తర్వాత, "తను ఒక్క అడుగు వెనక్కి వేసి మళ్లీ నిలబడి ఉంటే ఈ జరిమానా ఉండేది కాదు" అని, రెండు స్ట్రోకులు కలిపింది. నా భార్య కార్డులో అంకె దిద్ది, సంతకం పెట్టి, బెంగళూరు అమ్మాయిని కావలించుకుంది. ఒక్క స్ట్రోకు తేడాతో రెండో స్థానం.

ఆ సాయంత్రం అందరూ దాని గురించే మాట్లాడారు. నిబంధన దారుణమని కొందరు, క్యాడీని మార్చాలని కొందరు, ఎవరో టీవీ ముందు కూర్చుని ఫిర్యాదు చేస్తే పట్టించుకోవడం ఏమిటని ఇంకొందరు. ఆమె ఫోన్ పక్కన పడేసింది. నేను క్షమించమని అడగబోతే, "ముందు అన్నం తిను" అంది. తిన్నాక, "నువ్వు ఆ గుడారంలో గుర్తులేదని ఉంటే, రేపట్నుంచి నువ్వు సెప్పిన ఏ గీత నమ్మీదాన్ని?" అంది. ఆ మాటతో నా గుండె నిండిపోయింది. అప్పటిదాకా ఆమె ఆట చూసి గర్వపడ్డాను. ఆ రోజు ఆమె మనిషితనం చూసి గర్వపడ్డాను. నన్ను చూసుకుని కూడా, కొంచెం.

అక్కణ్ణుంచి మా ఊరికి బయల్దేరి పలాస స్టేషన్లో రైలు దిగితే, మాకోసం పాతికమంది ఉన్నారు. కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే నా స్నేహితుడు, ఆట ఇంకా అవ్వకుండానే ఫ్లెక్సీ కొట్టించేశాడు. 'విజేత' అన్న మాట మీద తెల్ల కాగితం అంటించి తెచ్చాడు. గాలికి ఒక మూల లేచి 'వి' కనబడుతోంది. మా ఆవిడ దాన్ని చూసి రైలు దిగిన అలసటంతా పోయేలా నవ్వింది.

"నాకు తెల్దు అనీసుంటే సరిపోను కద బావా" అన్నాడు వాడు నాతో, దండ వేస్తూ.

"తెల్సు కద మరి" అని ఆమే జవాబు చెప్పింది. వాడు దండ నా మెడలోంచి తీసి ఆమె మెడలో వేశాడు.

మర్నాడు పొద్దున్నే మా నాన్న మా జీడితోటలోకి వచ్చాడు. చెట్ల వరసల మధ్య ఇసక చదును చేసి, ఊరికి వచ్చినప్పుడల్లా ఆమె ప్రాక్టీసు చేసుకునే చోటు అది. ఎన్నేళ్లుగా అక్కడ ఆడుతున్నా ఆయన ఒక్కసారీ నిలబడి చూసింది లేదు.

"ఏటి జరిగిందో నాకు సూపండి" అన్నాడు.

ఆమె బంతి పెట్టింది. నేను వెనకాల గొంతుక్కూర్చున్నాను. ఆమె కాళ్లు సర్దుకుంది, నేను లేచి జరిగాను. ఆయన మళ్లీ చెయ్యమన్నాడు. మళ్లీ చేశాం. మూడోసారి నా స్థానంలో తనే కూర్చుని చూశాడు.

"ఈమాత్రానికేటి?"

"ఈమాత్రానికే మావయ్యా" అంది ఆమె.

"మరి ఎవులూ సూడనేదంట కదా?"

"ఈయన సూసినాడు కదా" అంది నన్ను చూపించి.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేను రోడ్డు మీద టీ దుకాణం పక్కనుంచి వస్తుంటే లోపల ఆయన గొంతు వినిపించింది. నలుగురిని కూర్చోబెట్టి టీ గ్లాసుని బంతిగా పెట్టి చెబుతున్నాడు. "ఇక్కడ కోడలు. ఇదిగో, ఈ యెనకాల మావోడు, సంచీతోని." సగం తప్పే చెబుతున్నాడు. జరిమానా రెండు స్ట్రోకులైతే పది అంటున్నాడు. నేను లోపలికి వెళ్లి సరిచెయ్యలేదు.

క్యాడీని మార్చమని ఆమెకి ఒకరిద్దరు నిజంగానే ఫోన్ చేశారు. ఆమె ఏం చెప్పిందో నేను అడగలేదు. ఆ తర్వాత వచ్చిన పోటీకి సంచీ సర్ది నా పక్కన పెట్టింది, అంతే. ఇప్పుడు గుంత దగ్గరి పచ్చిక మీద కాళ్లు పెట్టుకునే ముందు "జరుగు" అంటుంది, నేను జరిగాకే అడుగు వేస్తుంది.

ఈ ఏడాది వానాకాలంలో ఒక చిన్న టోర్నమెంటులో గెలిచింది. టీవీ రాలేదు, జనం పెద్దగా లేరు. మావాళ్లెవరూ లేరు. తడిసిన బూట్లతో గుడారంలోకి వెళ్లి, కార్డులో ఒక్కో అంకె మీదా వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది. బయటికి వచ్చి కప్పు నా చేతికిచ్చి, "ఆకలేత్తంది బావా, వేడివేడిగా ఏదన్నా తిందాం పద" అంది. సంచీ ఒక భుజాన, కప్పు ఒక చేతిలో పట్టుకుని ఆమె వెనకాల నడిచాను.