నాలుగు చెవుల పెట్టె

ఆ ఆసుపత్రిలో తీగలాయన అంటే ఎరగనివారు లేరు. ఊరిబళ్ళో ఎక్కాలు వల్లెవేసినవాడు, నేలమాళిగ గదిలో కూర్చుని అన్ని అంతస్తుల కంప్యూటర్లనూ ఒంటిచేత్తో నడిపించాడు. పిడుగు పడి మూడో అంతస్తు మూగబోతే పొద్దు కుంకేలోగా దాన్ని మాట్లాడించాడు. కొత్త భవనం లేస్తే ఒక్క గోడా పగలగొట్టకుండా తీగలు లాగాడు. ఇవన్నీ ఒక ఎత్తు, నాలుగు చెవుల పెట్టె ఒక ఎత్తు.

ఒకప్పుడు అక్కడ అందరిదీ ఒకటే నెట్‌వర్క్. రోగిని చూడ్డానికి వచ్చిన ఎవరిదో లాప్‌టాప్‌లో వైరస్ ఉండి, అది వరండాలో బయల్దేరి మంచాల పక్కన గుండెను కనిపెట్టే యంత్రాల దాకా పాకింది. నర్సుల తెరలన్నీ నల్లబడ్డాయి. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు గానీ, ఆయనకు మాత్రం కొన్నాళ్ళు అన్నం సయించలేదు. ఆ తరువాతే అంతా విడదీశాడు. వార్డు యంత్రాలకొక నెట్‌వర్క్, ఆఫీసుకొకటి, కెమెరాలకొకటి, వచ్చేపోయేవారి ఫోన్లకొకటి. ఎవరి గోల వారిది. నాలుగింటినీ కనిపెట్టుకుని ఉండడానికి ఒకే పెట్టెకు నాలుగు చెవుల్లా నాలుగు నెట్‌వర్క్ కార్డులు బిగించి, ఒక్కోదానికి ఒక్కో చిరునామా ఇచ్చాడు. ఒక చెవిన పడ్డది ఇంకో చెవికి దాటకుండా మధ్యదారి మూసేశాడు. వార్డులో యంత్రం తగిలించగానే ఆ వైపు చెవి దాన్ని పసిగట్టి తెరమీద పచ్చచుక్క పెట్టేది. యంత్రం పలకడం మానేస్తే చుక్క ఎర్రబడేది.

"నాలుగు కాపురాలు చేయిస్తున్నానయ్యా, ఒక్క తగువు లేదు!" అనేవాడు ఆఫీసు గుమాస్తాతో.

"సొంతానికి ఒక్కటీ చెయ్యలేదుగా, అందుకే ఆ ఓపిక," అనేవాడు గుమాస్తా.

మాట నిజమే. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. తల్లి పోయినప్పటి నుంచి ఆయనకు అమ్మా నాన్నా ఆవిడే. బడి ఎగ్గొడితే చెవి మెలిపెట్టి ఈడ్చుకుపోయింది కూడా ఆవిడే. ఆ అక్క ఊపిరి అందక, ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచాన పడింది.

"ఏరా, పొద్దుట్నుంచీ ఎక్కడ చచ్చావు?"

"కిందే ఉన్నానక్కా. నీ మంచం చుక్క నా కళ్ళముందే ఉంది. పచ్చగా ఉంది."

"చుక్క చూసి మురిసిపోతున్నావా? నా నడుంనొప్పి దానికి తెలుసా?" నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక చెప్పింది. "అమ్మ పోయేటప్పుడు నేను నీళ్ళకెళ్ళాన్రా. ఆ బాధ ఇప్పటికీ ఆరలేదు. నేను పోయేటప్పుడు నువ్వు పక్కనుండాలి. ఆ తెర దగ్గర కాదు, ఇక్కడ." మంచం అంచు తట్టి చూపించింది.

"నువ్వెక్కడికీ పోవు గానీ, ఉంటా. మాటిస్తున్నా."

"వైరు పట్టుకుని మాత్రం రాకు."

ఆ మంచం దగ్గర గోడ సాకెట్ వదులు. చుక్క మొదటిసారి ఎర్రబడినప్పుడు ఆయన చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్లన్నీ పరిగెత్తాడు. అక్క లక్షణంగా పాలు తాగుతోంది. "ఏంట్రా ఆ మొహం? పోయాననుకున్నావా?" అంది. వార్డంతా గొల్లున నవ్వింది. పనితనానికే అవమానం జరిగినట్టయింది ఆయనకు. చుక్క పోతే తీగనే అనుమానించాలి, మనిషిని కాదు అని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాడు. మరోసారి ఎర్రబడితే తీగ మార్చాడు. చుక్క పచ్చబడింది. చూశావా అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ చుక్క మళ్ళీ ఎర్రబడింది. ఆయన కంగారు పడలేదు. కొత్త తీగ కత్తిరించి, కొసలు బిగించి, టెస్టర్ పెట్టి సరిచూసుకున్నాడు. నేలమాళిగలో సెల్‌ఫోన్ పలకదు. దాన్ని ఎప్పటిలాగే బల్ల సొరుగులో వదిలేసి మెట్లెక్కాడు. వెనక గదిలో బల్లమీది ల్యాండ్‌ఫోను మోగింది. 'ప్రింటరు కదలట్లేదని గుమాస్తా అయ్యుంటాడు, కాస్త ఆగితే ఏం పోయింది' అనుకున్నాడు. రెండో అంతస్తు వరండా మలుపులో తీగల బీరువా తెరిచి, నెట్‌వర్క్ స్విచ్‌లో పాత తీగ పీకి కొత్తది పెట్టాడు. పక్క రంధ్రంలోకి మార్చి చూశాడు. దీపం వెలగలేదు. ఇటు కొస బాగుంది, లోపం మంచం దగ్గరే అని తేల్చుకుని, మిగిలిన తీగ చుట్ట భుజాన వేసుకుని వార్డులోకి నడిచాడు.

యంత్రం మూలన ఉంది. దాని తీగలు ఎవరో పొందిగ్గా చుట్టి పెట్టారు.

"ఎక్కడికెళ్ళిపోయావన్నా?" పెద్ద నర్సమ్మ ఎదురొచ్చింది. "నీ గదికి ఫోన్ మీద ఫోన్ చేశాను. ఇంక ఎక్కువసేపు లేదు, ఆ యంత్రం తీసేసి హాయిగా ఉండనివ్వండి, తమ్ముణ్ణి పిలవండి అన్నారు డాక్టరుగారు."

"సాకెట్..." అన్నాడాయన.

"ఇప్పుడేనన్నా. ఇంతకుముందే."

అక్క చెయ్యి మంచం అంచున ఉంది, ఆవిడ తట్టి చూపించిన చోటే. ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన ఆ చేతిని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. భుజం మీది తీగ చుట్ట జారి ఒళ్ళో పడింది.

"ఏమన్నా అందా?" అని అడిగాడు చివరికి.

నర్సమ్మ తటపటాయించింది. "ఏడీ అని అడిగారు. వస్తున్నాడమ్మా అన్నాను. 'వస్తాళ్ళే, ముందు తీగ చూసుకుని వస్తాడు' అన్నారు." కళ్ళొత్తుకుంది. "కోపంగా కాదన్నా. నవ్వుతూనే అన్నారు."

కొన్నాళ్ళకు ఆ మంచంలోకి ఒక ముసలాయన వచ్చాడు. తెరమీద అదే చోట పచ్చచుక్క వెలిగింది. గుమాస్తా వచ్చి ఏదో హాస్యమాడబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు.

తరువాత ఒకరోజు ఆ చుక్క ఎర్రబడింది. ఆయన తీగ ముట్టుకోలేదు, టెస్టర్ తియ్యలేదు. ఖాళీ చేతులతో మెట్లెక్కి, ఆయాసపడుతూ వెళ్ళి ఆ మంచం అంచున కూర్చున్నాడు.

"తీగలాయనవి నువ్వేగా? ఉత్త చేతులతో వచ్చావేం బాబూ?" అన్నాడు ముసలాయన.

"తెస్తాను. ముందు మీరెలా ఉన్నారో చూద్దామని."

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

ఆ పూట లోపం సాకెట్‌దే. ఆయన ఇంకాసేపు అక్కడే కూర్చుని, తీగ కోసం కిందికి దిగాడు.