పదికి ఏడు అన్నాను

ఆరేళ్లుగా ఒక అంకె నా మీద బరువుగా కూర్చుని ఉంది. ఏడు. అది అబద్ధపు అంకె. ముప్పై ఒక్క ఏళ్లు ఆఫీసులో లెక్కలు చూసి, సరిపోల్చని మొత్తం మీద ఏనాడూ సంతకం పెట్టలేదని చెప్పుకునేదాన్ని. నడుము నొప్పికి సూది వేయించుకోవాలా అని మీరు అడిగారు కాబట్టి, మీకే రాస్తున్నాను.

నా నొప్పి నడుము కింది కీళ్లలో. డాక్టరు ముందే అంతా వివరించారు. మొదట పరీక్ష కోసం తిమ్మిరి మందు సూది. దానితో కొన్ని గంటలు నొప్పి తగ్గితే, నొప్పిని మోస్తున్నది ఆ నరమేనని తెలుస్తుంది. అప్పుడు ఆ సన్నని నరాన్ని వేడితో కాలుస్తారు. అది మళ్లీ పెరగవచ్చు, నొప్పి మళ్లీ రావచ్చు. మొదటిసారి గుణం ఇస్తే మళ్లీ చేయవచ్చు. నొప్పి లేని కాలం వ్యాయామానికి, పడుకోవడానికి కాదు. రక్తాన్ని పలుచన చేసే మాత్రలు వాడుతున్నానా, షుగరుందా అని అడిగారు. అన్నీ తేదీలతో సహా చెప్పాను. "నొప్పిని కొలిచే మిషను లేదమ్మా. మీరు చెప్పే అంకే మాకు ఆధారం" అన్నారు.

అప్పట్లో నా తోటికోడలు విమల చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి రోజూ వచ్చేది. వంట చేసేది, ఇల్లు ఊడ్చేది. మధ్యాహ్నం టీ తాగుతూ ఇద్దరం సాయంత్రం దాకా మాట్లాడుకునేవాళ్లం. నారాయణగూడలో ఆమె స్నేహితురాలు పిండివంటల దుకాణం పెడుతూ, సగం వాటాకు విమలను పిలిచింది. నాకు నయమైతే పోదామని విమల ఆగింది.

పరీక్ష సూదికి నొప్పి ఎనిమిది నుంచి ఒకటికి దిగింది. ఆ అంకె నిజమే చెప్పాను. తర్వాత నరం కాల్చారు. బోర్లా పడుకుని మెలకువగానే ఉన్నాను. పది రోజులు అక్కడ మంట. మూడో వారంలో ఒక పొద్దున నీళ్ల బకెట్ ఎత్తి వాకిట్లో పెట్టాను. పెట్టాక గానీ గుర్తు రాలేదు, నాకు నొప్పి లేదని. సంతోషించానా? సంతోషించాను. ఆ వెంటనే, ఇక విమల రాదు అనుకున్నాను.

తర్వాతి శుక్రవారం డాక్టరు అడిగారు. "ఇప్పుడు పదికి ఎంతమ్మా?"

విమల నా పక్కనే ఉంది. "చెప్పక్కా, జర తగ్గిందా? గట్లనే పరేషాన్ చేస్తున్నదా?"

"ఏడు" అన్నాను.

"ఏడేంది అక్కా! ఆ సూదికి ఒకటన్నవ్ కద!" అని డాక్టరు వైపు తిరిగింది. "సార్, మా అక్క కూరగాయలోని దగ్గర రూపాయి కూడ ఇడ్శిపెట్టదు. ఏడంటే ఏడే."

కొందరికి పని చేయదని డాక్టరు అన్నారు. అదే రాసుకున్నారు.

ఎందుకు చెప్పాను? ఒంటరితనం అనుకోవడానికి లేదు. పుస్తకాలున్నాయి, ఇరుగుపొరుగు ఉన్నారు. ఆమె వస్తే నాకు బాగుండేది, అంతే. ఆమె లేనప్పుడు మేడ మీద నడిచేదాన్ని, వ్యాయామం చేసేదాన్ని. ఆటో చప్పుడు వినగానే మంచం ఎక్కేదాన్ని. చెప్పడానికి సిగ్గేగానీ, ఆ తర్వాతి పదకొండు నెలలంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. ఒంట్లో నొప్పి లేదు, ఇంట్లో మనిషి ఉంది. ఆ సుఖం ఇప్పుడు తలుచుకున్నా బాగానే ఉంటుంది. అందుకే నా పశ్చాత్తాపాన్ని నేనే పూర్తిగా నమ్మను.

స్నేహితురాలు రెండు నెలలు చూసి ఇంకొకరిని చేర్చుకుంది. "పోనీ తియ్యక్కా," అంది విమల, "సకినాలు చుట్టి చుట్టి నా నడుము కూడ నీ లెక్కనే అయ్యేది." నవ్వింది. నేనూ నవ్వాను.

పన్నెండో నెలలో నొప్పి నెమ్మదిగా తిరిగి వచ్చింది. డాక్టరు ముందే చెప్పినట్టు. ఇప్పుడది నిజంగానే ఏడు. ఇన్నేళ్లూ మాత్రలతో నెట్టుకొచ్చాను. ఈ ఏడాది పొయ్యి ముందు నిలబడలేక, నరం మళ్లీ కాల్చమని అడిగాను. ఆయన పాత రాత చూశారు. "మీకు అది పని చేయలేదు కదమ్మా. మళ్లీ చేసి ఏం లాభం?" అన్నారు. పక్కన విమల నిట్టూర్చింది. నేను తల ఊపి లేచి వచ్చేశాను.

పని చేసిందని చెబితేనే వైద్యం. చెబితే విమలకు ఆ దుకాణం ఎలా పోయిందో తెలుస్తుంది. నిన్నటి దాకా నొప్పే నయమనుకున్నాను. ఇదంతా మీకు రాశాక అలా అనిపించడం లేదు. పొద్దుటి నుంచి మనసు తేలికగా ఉంది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

గురువారం మళ్లీ డాక్టరు దగ్గరికి పోతున్నాం. విమలను లోపలికి రమ్మన్నాను. ఆమె బయట కూర్చుంటే ఆయనకు చెప్పడం నాకు సులువు. ఆ సులువు వద్దనే రమ్మన్నాను.