ఎల్లం బొడ్డు జరగలేదు

మెదక్‌లో ఎవరి బోరు మోటారు కాలినా మా పక్కింటి ఎల్లం దగ్గరికే రావాలి. మోటారు విప్పుతున్నా, తీగ చుడుతున్నా, గిరాకీతో పేచీ పెట్టుకుంటున్నా ఆయన పెదవికి బీడీ వేలాడాల్సిందే. "ఇంట్ల కంపెనీ పెట్టుకొని దుకాన్ల కొంటనా?" అని నవ్వేవాడు. కంపెనీ అంటే ఆయన భార్య ఆగమ్మ ఒడిలో ఉండే చేట. తునికాకు, తంబాకు ముందేసుకుని ఆమె బీడీలు చుట్టబట్టే కూతురు సుమన చదువు సాగింది. అందులోంచే రోజూ ఒక కట్ట ఎల్లం జేబులోకి పోయేది.

పోయిన చలికాలంలో బొడ్డు పక్కన ఏదో దడదడ కొట్టుకుంటోందన్నాడు. మా వైపు అట్లా అయితే బొడ్డు జరిగిందంటారు. నూనె రాసి, కడుపు పిసికి దాన్ని చోటుకు తెస్తారు. మా అమ్మ నిర్మలమ్మ ఆ పనిలో పేరున్న మనిషి. రెండు పూటలు పిసికింది. కొట్టుకోవడం ఆగలేదు. చివరికి సుమన వచ్చి, వద్దంటున్నా వినకుండా స్కానింగ్‌కు లాక్కుపోయింది.

గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం పొట్టలో ఉబ్బిందట. పగిలితే మనిషి దక్కడం కష్టమట. మా అమ్మ పిసికింది దాన్నే. ఆ మాట విని ఆమెకు రెండు రోజులు జ్వరం వచ్చింది.

హైదరాబాద్‌లో డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆపరేషన్ చెయ్యాలె. కానీ బీడీలతోని ఊపిరితిత్తులు ఖరాబైనయి. ఇట్లనే మత్తిస్తే ఊపిరి మిషన్ మీదికెళ్లి దిగుడు కష్టం. నెలన్నర బీడీ ముట్టొద్దు. మళ్లొచ్చి గీ గొట్టంల ఊది చూపియ్యుండ్రి, ఊపిరి ఎంతున్నదో తెలుస్తది. ఈ నడుమ కడుపుల నొప్పి లేస్తే మాత్రం ఆగకుండ రాండ్రి."

ఇంటికొచ్చిన ఆగమ్మ చేట, తంబాకు మూట ఎత్తుకుని మా అరుగు మీదికి వచ్చేసింది. "గీడనే చుట్టుకుంట పిన్నీ. ఆయనకు వాసన తగలొద్దు" అంది మా అమ్మతో. సాయంత్రం మా ఇంట్లోనే స్నానం చేసి, చీర మార్చుకుని పోయేది. ఎల్లం మాత్రం పిచ్చిలేచినట్టు తిరిగాడు. వచ్చిన గిరాకీలను తిట్టి పంపాడు. ఒకరోజు మా అరుగు దగ్గరికే వచ్చి, "ఒక్కటియ్యే, ఒకటే" అన్నాడు.

ఆగమ్మ తల ఎత్తలేదు. "నా చేతులతోని నేనే నిన్ను సంపుకోవాల్నా?" అంది.

వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

గడువు తీరాక ఊదితే కొంత మెరుగే వచ్చింది. పూర్తిగా బాగుపడలేదు గానీ ఆపరేషన్‌కు చాలన్నారు. ఆపరేషన్ రోజు ఆగమ్మకు తోడుగా నేనూ వెళ్లాను. ఆపరేషన్ మంచిగైందని, ఇక మిషన్ తీస్తే సొంతంగా ఊపిరి ఎట్లా తీస్తాడో చూడాలని చెప్పారు. ఆమె ఐసీయూ తలుపు ముందే కూర్చుంది. నేను ఎంత బతిమాలినా మెతుకు ముట్టలేదు.

మర్నాడు నర్సు బయటికొచ్చింది. "ట్యూబ్ తీసేసినం. మంచిగనే గాలి తీస్కుంటుండు. జరసేపు చూసి రాండ్రి."

లోపల ఎల్లం కళ్లు తెరిచే ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. "బువ్వ తిన్నవానే?" అన్నాడు.

ఆగమ్మ ఆయన ఛాతీ ఎగసి దిగడాన్నే చూస్తూ నిలబడింది.

"నువ్వు ఊపిరి తీస్తున్నవ్ గద," అందామె కళ్లు తుడుచుకుంటూ. "ఇగ తింట."