పరుగు పందెంలో వచ్చిన బిందె

ఈమధ్య ఏటా ఒకసారి ఎవరో ఒకరు నన్ను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, "ఈ నగరంలో ఆడవాళ్ల పరుగుకు దారి చూపిన మహనీయురాలు" అని పరిచయం చేస్తున్నారు. దారి చూపిన మాట నిజమే. కాకపోతే నా వెనక వచ్చినవాళ్లు నీళ్ల ట్యాంకర్ కోసం వచ్చారు.

కాలేజీలో ఎనిమిది వందల మీటర్ల పరుగులో నేను ఫస్టు. రెండో అమ్మాయి ముగింపు గీత దాటేలోపు నేను సోడా తాగి, సీసా వాపసిచ్చి, జడ విప్పి మళ్లీ అల్లుకున్నాను. మగపిల్లల్లో ఫస్టు వచ్చినవాడికి కప్పు ఇచ్చారు. నాకు స్టీలు బిందె ఇచ్చారు. ఆడపిల్లకు పనికొచ్చేది ఇవ్వాలని పెద్దలు తలలు బద్దలు కొట్టుకున్నారట. ఆ బిందెతోనే పెళ్లయి వచ్చి, అశోక్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి దిగాను.

తొంభైలు వచ్చాయి, నాకు ముప్ఫై వచ్చాయి, మెట్లెక్కితే ఆయాసమూ వచ్చింది. మళ్లీ ఉరుకుదామనుకున్నాను. నారాయణగూడలో ఆడవాళ్ల పరుగు బూట్లు అడిగితే షాపాయన పెళ్లికూతురి చెప్పులు చూపించాడు. చివరికి బడిపిల్లల పీటీ బూట్లు కొనుక్కుని, ఒకరోజు తెల్లవారగానే చున్నీ నడుముకు బిగించి గేటు దాటాను.

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు గంటసేపు వచ్చేది. రాని రోజున నారాయణగూడ వైపు ఏదో ఒక మూల ట్యాంకర్ ఆగేది. ఏ మూలో డ్రైవరుకూ దేవుడికీ తప్ప తెలీదు. అందుకని పొద్దున్నే ఆడమనిషి ఉరికిందంటే మా దగ్గర దానికి ఒక్కటే అర్థం. నేను మూడో ఇల్లు దాటేసరికి వెనక బిందెల మోత. తిరిగి చూస్తే గల్లీ గల్లీయే కదిలి వస్తోంది. భయపడి వేగం పెంచాను. ట్యాంకర్ వెళ్లిపోతోందనుకుని వాళ్లూ పెంచారు. చిక్కడపల్లి దాటేసరికి సగం హైదరాబాద్ నా వెనకే ఉందని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను.

నారాయణగూడ చౌరస్తాలో ఆగాను. అక్కడ ఒక ఇడ్లీ బండి, దాని కింద ఒక కుక్క ఉన్నాయి. ముందు వచ్చినామె రొప్పుతూ, "ట్యాంకర్ ఏదక్కా?" అంది.

"ట్యాంకర్ లేదు. ఊరికే ఉరుకుతున్న."

ఊరికే! దొంగతనానికి ఉరికానన్నా క్షమించేవాళ్లు. నన్ను మధ్యలో పెట్టుకుని గల్లీదాకా తిట్టుకుంటూ తీసుకొచ్చారు.

సాయంత్రానికి ఫిర్యాదు మా ఓనరు దర్బారుకు చేరింది. ఆయన రిటైరైన హెడ్ క్లర్కు. గేటు పక్కన కుర్చీ వేసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని గల్లీని పరిపాలించేవాడు. చాలాసేపు పేపరు మడిచి, "ఇది ఇజ్జత్‌దార్ల ఇల్లమ్మా. ఇంకోసారి ఊరికే ఉరికినవంటే ఫస్టు తారీకుకు ఇల్లు ఖాళీ చెయ్యిండ్రి" అన్నాడు.

మా ఆయన ముఖం వాడిపోయింది. అడిక్‌మెట్ నుంచి కాచిగూడ దాకా చెప్పులరిగేలా తిరిగితే దొరికిన నల్లా ఉన్న పోర్షన్ అది. ఇల్లు కావాలో పరుగు కావాలో నా ఇష్టమేనన్నాడు. అంటే ఇల్లే కావాలని. నాలుగు రోజులు బూట్లు మంచం కింద పెట్టేశాను. కూర తరుగుతుంటే కాళ్లు వాటంతటవే ఆడి, పీట వంటింట్లోంచి వరండాలోకి వచ్చేది.

ఐదో రోజు నల్లా రాని రోజు. అటక మీది బహుమతి బిందె దించి, చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాను. ఓనరు పేపరు దించాడు.

"ట్యాంకర్ వచ్చిందా?"

"చూసొస్తా సార్."

"మెల్లగ పోతవేంది మరి? జల్ది ఉరుకు, అయిపోతది."

నా జీవితంలో నన్ను ఇంకా గట్టిగా ఉరకమన్న మొదటి కోచ్ ఆయనే. ఆ రోజు హిమాయత్‌నగర్ దాకా ఉరికాను. ఎవరూ ఏమీ అనలేదు. మేడల మీద తిరుగుతూ పోటీ పరీక్షలకు బట్టీ కొట్టే హాస్టల్ పిల్లలు, మొదటి రోజు నన్ను సిలబస్‌లో లేని ప్రశ్నలా చూసినవాళ్లు, ఈసారి తలెత్తలేదు. చంకన బిందె ఉంటే ఆడమనిషి ఢిల్లీ దాకా ఉరకొచ్చు. ఆ బహుమతి ఇచ్చిన పెద్దల ముందుచూపు నాకప్పుడు అర్థమైంది.

నా గుట్టు పట్టుకున్నది ఓనరు భార్య. వారం గడిచాక బిందెలోకి తొంగి చూసి, "ఎప్పుడు చూసినా ఎండిపోయి వస్తదేంది బిడ్డా?" అంది. ఆవిడ గేటు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. షుగరట. డాక్టరు నడవమంటే మొగుడు మిద్దె మీద నడవమన్నాడట. మిద్దె నిండా ఆవిడ ఎండబెట్టిన వడియాలే. "ఎల్లుండి నా ప్లాస్టిక్ బిందె తెచ్చుకుంట. జర మెల్లగ ఉరుకు."

ఆవిడ వెనక మోకాళ్ల నొప్పులామె, ఆమె వెనక కోడలితో పడనామె. నన్ను తిట్టుకుంటూ తీసుకొచ్చినవాళ్లే ఒక్కొక్కరూ కలిశారు. వానలు మొదలయ్యేసరికి మేం ఎనిమిదిమందిమి, ఖాళీ బిందెలు ఎనిమిది. రోజు విడిచి రోజు శిక్షణ. దీన్నే ఇప్పుడు వేదికల మీద శాస్త్రీయ పద్ధతి అంటున్నారు.

ఒకరోజు మేమంతా గేటు దగ్గర చేరేసరికి, వాకిట్లో నల్లా తన వంతు కాకున్నా బుస్సుమని వచ్చేసింది. ఓనరు లేచి నిలబడ్డాడు. ధారను చూశాడు, బిందెలను చూశాడు, ఆఖరికి నా బూట్లను చూశాడు. పాతికేళ్లు ఫైళ్లు చూసినాయన. అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది?

"నీళ్లు ఇక్కడుంటే మీరెక్కడికి?"

మా ఇంటి సామాను బండికెక్కడం నా కళ్ల ముందు కనిపించింది. వంటగిన్నెలు ఏ మూటలో కట్టాలో కూడా అనుకున్నాను.

ఓనరు భార్య తన ప్లాస్టిక్ బిందె తెచ్చి నల్లా కింద పెట్టింది.

"మేం వచ్చేదాంక పట్టుండ్రి" అని చీర కుచ్చిళ్లు దోపుకుని గేటు దాటింది. మిగతా వాళ్లూ బిందెలు వరసగా పెట్టేశారు. నేనూ పెట్టి, ఆయన ముఖం చూడకుండా ఉరికాను. చేతులు ఊపుకుంటూ, గల్లీ అంతా చూస్తుండగా.

తిరిగొచ్చేసరికి ఓనరు లుంగీ ఎగ్గట్టుకుని, మోచేతుల దాకా తడిసి ఉన్నాడు. ఏడు బిందెలు అంచుదాకా నిండాయి. నా స్టీలు బిందె సగమే నిండింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటాడని నిలబడే ఉన్నాను.

ఆయన పేపరు తీసి, దాని వెనక నుంచి అన్నాడు: "కిరాయికున్నోళ్లకు గంతే."