తాండ్ర చెట్టుకు నేను వేసిన బాట

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి చైత్రం. డుంబ్రిగుడ పైకొండల్లో నేను ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌ని. బీట్ అంటే ఒక్క మనిషి కాలినడకన తిరిగి కాపలా కాసే అడవి ముక్క. ఆ ఏడు నా బీట్‌లో, ఒక తాండ్ర చెట్టు తొర్రలో హార్న్‌బిల్ గూడు పెట్టింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

ముక్కు మీద కొమ్ముండే ఈ పిట్టల కాపురమే వేరు. ఆడది తొర్రలో దూరి, మట్టీ రెట్టా మెత్తి లోపలి నుంచే ద్వారం మూసుకుంటుంది. సన్నని సందొకటే మిగులుతుంది. రెక్కల ఈకలు రాలిపోతాయి కాబట్టి ఎగరలేదు. మగది తెచ్చిపెడితేనే తిండి. నేను రోజూ పొద్దున్నే ఎదుటి బండ మీద కూర్చుని, అది ఎన్నిసార్లు వచ్చిందో నెస్ట్ రిజిస్టర్‌లో రాసుకునేవాడిని. చెప్పొద్దూ, తెగ మురిసిపోయేవాడిని.

ఇక్కడి గిరిజనుల ఇటుకల పండుగ వచ్చింది. ఆ రోజుల్లో మగవాళ్ళు వేటకు వెళ్ళాలి. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడ కొట్టి నవ్వుతారు. పండుగ రెండో రోజు మగపిట్ట రాలేదు. మూడో రోజూ రాలేదు. గూడెంలోకి పరిగెత్తాను. డొంబు అనే రైతు ఇంటి చూరుకు ఆ ముక్కు వేలాడుతోంది.

"ఎందుకు కొట్టావయ్యా?"

"రెండేళ్ళు అందరి ముందూ పేడ కొట్టించుకున్నాను బాబూ. ఈ ఏడు ఇదొక్కటే దొరికింది."

"ఆ చెట్టు నీకెవరు చూపించారు?"

తల దించుకున్నాడు. "మీరే కదా. రోజూ నడిసి బాటేసినారు. అంత దూరమొచ్చి కూకుంటన్నారంటే ఏటో ఉందనుకున్నాను. లోపల ఆడదుందని తెల్దు బాబూ."

పైఆఫీసర్‌కి ఫోన్ చేస్తే, "గూడు ముట్టుకోవద్దు. అదే పగలగొట్టుకుని వస్తుంది" అన్నాడు. విన్నాను. అదీ నా తప్పే.

డొంబు మాత్రం ఊరుకోలేదు. వెదురు కొసకు జువ్వి పళ్ళు గుచ్చి సందు దగ్గర పెట్టాడు. ముక్కు బయటికొచ్చి ఒక్క పండు అందుకుంది. ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం. మర్నాడు ముక్కు కదిలింది గానీ పండు పట్టలేకపోయింది. ఆ మర్నాడు ఏమీ కదల్లేదు.

అప్పుడు తెరిచాం. సగం మొలిచిన ఈకలతో తల్లి, దాని కింద రెండు పిల్లలు. మూడూ చల్లబడిపోయాయి.

"మగదాని గొంతులో నాలుగు పళ్ళున్నాయి బాబూ" అన్నాడు డొంబు. "కోసినప్పుడు సూసాను. ఈటికే తెస్తన్నాదేమో."

కాపలా అంటే దగ్గర కూర్చోవడమనుకున్నాను. ఇప్పుడు గూడు కనబడితే అటు నడవను, రాయను, ఎవరికీ చెప్పను. అలా ఎన్ని బతుకుతున్నాయో కూడా నాకు తెలియదు. నా బాట మీద గడ్డి మొలిచింది. ఆ తొర్రలోకి మాత్రం ఇంతవరకు ఏ పిట్టా రాలేదు.