పేరు పిలిస్తే లేవాల్సిన కుర్చీ

కుర్చీల కార్ఖానాలో జీతాలు చూసే ఆవిడకు కలప గురించి తెలిసిందల్లా అది చెట్ల నుంచి వస్తుందని. ఆ పాండిత్యంతోనే ఆవిడ ఆస్పత్రి కుర్చీల పనికి అధిపతి అయింది. నమూనాలు గీసే ఇంజనీరు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. యజమాని అందరినీ కలయజూసి, చెప్పిన వేళకు వచ్చే మనిషి ఈవిడొక్కతేనని తేల్చి, పగ్గాలు చేతికిచ్చాడు.

ఆస్పత్రిలో రోగులు తమ వంతు కోసం ఎదురుచూసే హాలుకు కుర్చీలు కావాలి. సోమవారం ఆస్పత్రివాళ్ళు వచ్చి నమూనా చూస్తారు. నచ్చకపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే సగంమంది వడ్రంగులను ఇంటికి పంపాలి. ఆ కబురు చెప్పాల్సింది కూడా ఆవిడే.

పెద్దమేస్త్రీ ఆ పెద్దరికం తనకే వస్తుందనుకున్నాడు. రాకపోయేసరికి, ఆవిడతో ఏం చెప్పినా గోడవైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"మేడంగారు సంతకం పెడితే చాలు. కుర్చీ సంగతి మేం చూసుకుంటాం."

నమూనా చూడముచ్చటగానే ఉంది. ఆవిడ చుట్టూ తిరిగింది. ఒక కుర్చీకోడును వేలితో తట్టింది. ఎందుకు తట్టిందో ఆవిడకే తెలియదు. శనివారం మోకాళ్ళ నొప్పుల అక్కను వెంటబెట్టుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. అక్క వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"కూర్చుంటే లేవాలనిపించదు మరి," అన్నాడు మేస్త్రీ గోడతో.

"లేవాలనే ఉంది నాయనా. ఒళ్ళే రావట్లేదు," అంది అక్క.

చెల్లెలొక చెయ్యి, మేస్త్రీ ఒక చెయ్యి పట్టుకుని, బావిలోంచి గంగాళం తీసినంత శ్రద్ధగా ఆమెను పైకి తీశారు.

"ఇంత సుఖమైన కుర్చీ నేనెక్కడా చూళ్ళేదు అన్నయ్యా," అంది ఆవిడ. "కానీ అక్కడ లోపల్నించి పేరు పిలుస్తారు. మనం లేచేలోపు పక్కవాళ్ళు లోపలికి వెళ్ళిపోతారు. అక్కతో వెళ్ళినప్పుడల్లా ఇదే గొడవ. ఏం మార్చాలో నాకు తెలీదు. మీరే చెప్పాలి."

మేస్త్రీ గోడను వదిలి ఆవిడ వైపు తిరిగాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత చెక్కముక్కలు ఏరి కుర్చీ నాలుగు కోళ్ళ కిందా ఎత్తు పెట్టాడు.

"కూర్చోండమ్మా."

"లేపుతానని మాటిస్తే కూర్చుంటా," అంది అక్క.

ఈసారి ఎవరి చెయ్యీ పట్టకుండా లేచింది, కాస్త మూలుగుతూ.

"కుర్చీ చేతులు ఇంకొంచెం ముందుకు రావాలి," అంటూ మేస్త్రీ చెవి మీది పెన్సిలు తీశాడు. "ఆదివారం పని పడుద్ది."

"నేనూ వస్తాను. నాకేం చేతకాదు, టీ మాత్రం తెస్తాను."

సోమవారం ఆస్పత్రి పెద్దాయన వచ్చాడు. కూర్చున్నాడు, ఎవరో పిలిస్తే లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కుర్చీ గురించి మంచీ చెడ్డా ఏమీ అనకుండా, కుర్చీలన్నీ ఎప్పటికి ఇస్తారని మాత్రం అడిగాడు.

ఇంత చేస్తే ఒక్క మెచ్చుకోలు మాటైనా లేదని మేస్త్రీ సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నాడు. ఆ గొణుగుడంతా ఆవిడ బల్ల దగ్గరే, స్టూలు లాక్కుని కూర్చుని గొణిగాడు.