దావీదు మామ హారన్

నిన్న పొద్దున ఊరి నుంచి తమ్ముడి ఫోన్.

"అక్కా, దావీదు మామ ఇంక లేడు. నిద్రలోనే పోయినాడు."

ఏం మాట్లాడానో గుర్తులేదు. స్టవ్ మీద కుక్కర్ విజిల్స్ వేస్తూనే ఉంది. ఎప్పుడూ లెక్క తప్పని నేను నిన్న తప్పాను. పప్పు మాడింది.

మా పుట్టింటి పక్కిల్లు ఆయనది. కృష్ణా నది బ్యాక్‌వాటర్‌లో అవతలి ఊళ్లకు ఇంజన్ పడవ నడిపేవాడు. డోన్‌లో పాత లారీ హారన్ కొని దానికి బిగించాడు. బయల్దేరితే ఒక పొడుగు హారన్. ప్రమాదం అనిపిస్తే ఐదు పొట్టివి.

మేం నవ్వేవాళ్లం.

"ఇన్ని నీళ్లలో ఎవురికి మామా హారన్? చేపలకా?"

"నవ్వుమ్మే, నవ్వు. ఎదురుగా ఎవురూ రారనుకున్నోడే పోయి గుద్దేది."

చిన్నాన్న కూతురి పెళ్లికి అవతలి ఊరికి పోయిన ఆ పొద్దు మర్చిపోలేను.

నా ఒళ్లో రెండేళ్ల పాప. కాళ్ల దగ్గర పెళ్లికూతురికి కొన్న కొత్త స్టీల్ బిందె.

నడి నీళ్లలో మంచు కమ్మేసింది. ముందు కూర్చున్నవాళ్లు కూడా కనిపించలేదు. ఎక్కడో ఇంకో ఇంజన్ చప్పుడు, దగ్గరవుతోంది.

మామ హారన్ నొక్కాడు. పలకలేదు. బ్యాటరీ డౌన్.

"అమ్మీ, ఆ బిందె ఇట్లియ్యి!"

"కొత్తది మామా!"

"మునిగినాక ఎవురికి చూపిస్తావు కొత్తదని?"

స్పానర్‌తో ఐదు దెబ్బలు. వెంటనే ఇంజన్ ఆపి, చెయ్యెత్తి అందరి నోళ్లూ మూయించాడు. మళ్లీ ఐదు. మళ్లీ నిశ్శబ్దం.

పాపను ఎంత గట్టిగా పట్టుకున్నానో, అది ఏడ్చింది.

అప్పుడు మంచులోంచి ఒక ఈల. మనుషులతో నిండిన పడవ ఒకటి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పక్కకు తప్పుకుంది.

ఒడ్డు చేరాక మామ అన్నాడు, "కూత ఎయ్యడం సగం పనేమ్మే. ఇంజన్ ఆపి ఇనేది మిగతా సగం. అది శానామందికి రాదు."

ఆ సొట్టల బిందెనే పెళ్లిలో ఇచ్చాం. చెల్లెలు ఇప్పటికీ దాన్ని మార్చలేదు.

ఈరోజు ఉదయం మామను చర్చి నుంచి ఒడ్డు మీదుగా తీసుకెళ్లారు. పడవలవాళ్లందరూ కలిసి ఒక పొడుగు హారన్ కొట్టారు.

ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఇంజన్లు ఆపేశారు.

ఆయన నేర్పినట్టే. వినడానికి.

ఇప్పుడు నాకంటే పొడుగైన ఆ పాప నా చెయ్యి పట్టుకుంది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

పోయిరా మామా. ఇంక నువ్వు మా కోసం చెవులు రిక్కించి కూర్చోనక్కర్లేదు. హాయిగా నిద్రపో.